బడిలో వేధింపు – చూచేవారి బాధ్యత

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత మనందరకు తెలిసినదే. బడిలో ఒక పిల్లవానిని తోటి పిల్లలు ఏడిపించడాన్ని గూర్చి ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. సమానులు ఇద్దరు పోట్లాడుకొంటే అది తగవు, సాయంకాలానికి కలిసిపోతారు. అట్లా కాక, బలమో బలగమో కలవాడు బలహీనుని పదేపదే, కావాలని బాధిస్తే అది వేధింపు. స్వీడన్, నార్వే దేశాలలో 1970 తరువాతి సంవత్సరాలలో ఈ విషయాన్ని పరిశోధించిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డాన్ ఓల్వేయస్ చెప్పిన లక్షణాలు కూడా ఇవే: హాని తలపెట్టడం, మరల మరల చేయడం, ఇరువురి బలంలో అంతరం ఉండడం.

మన బడులలో ఇది ఏ రూపంలో కనబడుతుంది? నత్తివాడనో, కుంటివాడనో పిలిచి పిలిచి పిల్లవాని అసలు పేరును మరుగుపరుస్తారు. కులాన్నో, తండ్రి చేసే పనినో ఎత్తిపొడుస్తారు. ఆటలో చేర్చుకొనరు, భోజనవేళ ప్రక్కన కూర్చుండనీయరు. చేతిఫోన్లు వచ్చిన తరువాత ఈ బాధ బడిగంటతో ఆగక ఇంటిదాకా వెంటాడుతున్నది. పెద్దలమైన మనము మాత్రం, ‘పిల్లలన్న తరువాత ఇవన్నీ ఉండవా?’ అని సరిపెట్టుకొంటాము.

అట్లా సరిపెట్టుకొనడానికి వీలులేని పరిస్థితి నార్వేలో 1982వ సంవత్సరం చివర ఏర్పడినది. ఉత్తర ప్రాంతంలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకొన్నారు. తోటివారి వేధింపే కారణమై ఉండవచ్చునని వార్తలు వెలువడినవి. మరుసటి సంవత్సరమే అక్కడి పాఠశాలలలో దేశవ్యాప్తమైన ఉద్యమం ఆరంభమైనది. బెర్గెన్ నగరంలో 42 పాఠశాలలలోని సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వేయస్ రెండున్నర ఏండ్లపాటు పరిశీలించగా, వేధింపు సగమో, అంతకంటె ఎక్కువో తగ్గినట్లు తేలినది. అక్కడ చేసిన పనులు పెద్ద ధనవ్యయంతో కూడినవి కావు. పేర్లు లేకుండా పిల్లలచేత ప్రశ్నలకు సమాధానాలు వ్రాయించారు. విరామవేళలలో ఉపాధ్యాయులు ఆవరణను కనిపెట్టి ఉన్నారు. తరగతి తరగతిలోను పిల్లలతో చర్చించి నియమాలు ఏర్పరచారు. వేధించినవారితోను, వారి తల్లిదండ్రులతోను గట్టిగా మాట్లాడారు.

ఐతే, వేధించేవాడు, బాధపడేవాడు, ఈ ఇద్దరేనా ఇందులో పాత్రధారులు? కెనడాలోని టొరంటో నగరంలో ఆటస్థలాలలో పిల్లల నడవడిని చిత్రించి అధ్యయనం చేశారు. 2001లో ప్రకటితమైన ఆ ఫలితాలను బట్టి, నూటికి 88 వేధింపు సంఘటనలలో చుట్టూ ఇతర పిల్లలు ఉన్నారు. వారిలో ఎవరైనా అడ్డుపడినది నూటికి 19 సార్లు మాత్రమే. కాని, అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాలలో పది సెకన్లలోపలనే వేధింపు ఆగిపోయినది. పది సెకన్లు అంటే ‘ఒరేయ్, వాడి జోలికి పోకు’ అని రెండుసార్లు చెప్పడానికి పట్టే కాలం!

ఫిన్లండులోని టుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా సాల్మివల్లి, చూచేవారిలోను పలు తరగతులున్నవని నిరూపించారు. కొందరు వేధించేవానికి తోడుపడతారు, కొందరు నవ్వి ఉత్సాహపరుస్తారు, కొందరు తప్పుకొంటారు, ఏ కొందరో బాధితుని పక్షాన నిలుస్తారు. వేధించేవానికి చుట్టూ ఉన్నవారి నవ్వే కూలి. ఆ కూలి దొరకకపోతే పని సాగదు. ఈ అవగాహనపై రూపొందిన ‘కివా’ కార్యక్రమం 2009 నుండి ఫిన్లండు పాఠశాలలలో విస్తరించినది.

మన శాసనాలలోను ఈ భావం లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగు నిషేధ చట్టం, ఫిర్యాదు అందిన తరువాత చర్య తీసుకొనని సంస్థాధిపతిని ఆ నేరానికి తోడ్పడినవానిగానే ఎంచుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను, పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించినది. తరగతిలో గురువు ఒక పిల్లవాని లోపాన్ని ఎత్తి హాస్యమాడితే, విరామవేళకు ఆ మాట పదిమంది నోట పలుకుతుంది. కనుక సంస్కారం గురుపీఠం నుండే ఆరంభం కావలెను.

మరొక చిక్కు ఉన్నది. చాడీలు చెప్పరాదని మనము పిల్లలకు నేర్పుతాము. మంచిదే. కాని ఆ కారణంగానే వారు చూచిన అన్యాయాన్ని సైతం మ్రింగి ఊరకుంటారు. ఒకరిని చిక్కులో పెట్టడానికి చెప్పేది చాడీ. చిక్కులో ఉన్నవానిని తప్పించడానికి చెప్పేది సాయం. ఈ భేదాన్ని విడమరచి చెప్పవలెను. చెప్పినవాని పేరు బయటపడకుండ కాపాడవలెను. బడిలో చెప్పుకొనలేని పిల్లలకు 1098 అనే ఉచిత ఫోను సహాయం ఉన్నదని కూడా తెలియజేయవలెను. వేధించేవాడు సైతం మన బిడ్డే. వానిని తరిమివేయడం కాదు, దారికి తేవడం మన పని.

ఎదురుతిరగమని బలహీనునికి చెప్పడం సులభం. కాని ఒంటరివానికి ఆ ధైర్యం ఎక్కడినుండి వస్తుంది? ప్రక్కన మరొకడు వచ్చి నిలిచినప్పుడు వస్తుంది. అట్లా నిలువగల పిల్లలు తరగతికి నలుగురైదుగురు తయారైతే, బెదురు లేకుండా పిల్లలందరు బడికి రాగలుగుతారు. వారిని తయారు చేయడం పాఠం చెప్పడమంత ముఖ్యమైన పని అని మనము గుర్తింపవలెను.