ఆరోగ్యపు చీటీ, రోగి అనుమతి



ఇటీవల ఒక గ్రామసభలో వృద్ధురాలొకతె లేచి మమ్ము ఇట్లడిగినది: "బాబూ, నా జబ్బు సంగతి ఫోనులోకి ఎక్కించారు. ఆ ఫోనేమో మా అల్లుడి చేతిలో ఉంటుంది. ఇంక దాపరికం ఏం మిగిలింది?" కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటను ఆరంభింపబడినది. దీని క్రింద కోరినవారికి 14 అంకెల 'ఆభా' సంఖ్య నిచ్చుచున్నారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, మందుచీటీల వివరములు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే యుండును. ఈ సంఖ్య వానిని కలుపు దారము వంటిది. కాగితములు వానకు తడిసి, చెదలు పట్టు మన యిండ్లలో ఇది గొప్ప సౌకర్యమే. పాత ఎక్స్‌రే కనబడక మరల డబ్బు పోసినవారు మనలో ఎందరు లేరు!

మరియొక ఆసుపత్రి వైద్యుడు వానిని చూడవలెనన్న రోగి అనుమతి కావలెను. ఎందులకు, ఏ తేదీల నాటివి, ఎంతకాలము చూచెదరో ఆ కోరికలో తెలుపవలెను. రోగి కొన్నిటికే సమ్మతింపవచ్చును, కాదనవచ్చును, ఇచ్చిన సమ్మతిని రద్దు చేయవచ్చును. అసలీ సంఖ్య తీసికొనుటయే ఐచ్ఛికము. వరుసలో నిలిచినవారికి ఈ మాట చెప్పకయే ఫోను నంబరడుగుట మేము చూచియున్నాము. అది మావంటి ప్రచారకుల లోపము కూడ.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో శాసనము వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. శాసనము వలననే తాళము పడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దాడి జరిగి, కొన్ని దినములు పనులు చేతివ్రాతతో సాగినవి.

కాని పల్లెలో దొంగ అంత దూరమునుండి రానక్కరలేదు. అనుమతికై వచ్చు ఓటీపీ అంకెలు ఎవరి ఫోనుకు వచ్చునో, తాళము వారి చేతిలో నున్నట్లే. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను గలచోట కోడలి గర్భస్రావము, కుమారుని క్షయ పదిమందికి తెలియును. పెండ్లి సంబంధము తప్పుటకు, పని పోవుటకు అది చాలును.

ఆ వృద్ధురాలికి సొంత ఫోను లేదు. ఇష్టము లేని చీటీని సంఖ్యకు కలుపవద్దని ఆసుపత్రిలో చెప్పవచ్చునని, కాగితముపైననే వైద్యము పొందవచ్చునని, ఇచ్చిన నంబరును పిదప మార్పించుకొనవచ్చునని ఆమెకు తెలిపితిమి. "ఇది ముందే చెప్పకూడదా?" అని ఆమె అడిగినది.