రెండవమారు పరీక్షకుఁ గూర్చుండువారు
(వార్షిక మహాసభయందుఁ జదివిన యుపన్యాసము)



విద్యాబహుమానముల సందర్భమున నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. ప్రతిసంవత్సరము ఈ వేదికమీఁద మొదటి తరగతిలో నుత్తీర్ణులైనవారికిఁ బుష్పమాలలు వేయుచున్నాము. అది యుచితమే. కాని పరీక్షలోఁ దప్పి మరల కూర్చుండ సిద్ధపడువారినిగూర్చి యీ సభలో నెవ్వరును మాటాడినట్లు నాకు జ్ఞప్తిలేదు. వారి తలిదండ్రులు సైతము ఆ ప్రస్తావన రానీయరు. “అబ్బాయి యేమి చేయుచున్నాఁడండీ?” యని యడిగినచో “అమెరికాలో ఉద్యోగమండీ” యని చెప్పి మాట మార్తురు. నేఁడు నేను వారి పక్షమున మాటాడ నెంచితిని. అందును ఒక్క పరీక్షను మాత్రమే తీసికొందును. అమెరికా సంయుక్తరాష్ట్రములలోఁ గట్టడముల బలమును నిర్ణయించు స్ట్రక్చరల్ ఇంజనీరులకు లైసెన్సు నిమిత్తము జరుగు పరీక్ష యది. నా శిష్యులలోఁ గొందఱు దానికిఁ గూర్చున్నవారు. వారి నడిగి తెలిసికొన్నదియు, వారి పుస్తకములు చూచి గ్రహించినదియుఁ జెప్పెదను. శబ్దమంజరి చెప్పుకొన్నవానికి ఇనుపదూలములతో నేమి పని యని నవ్వవచ్చును. నవ్వుఁడు, కాని వినుఁడు.

ఈ పరీక్ష యేల కలిగెనో ముందుగాఁ జెప్పవలయును. వైద్యుఁడు పొరపడిన నొక్క రోగికిఁ బ్రమాదము. కట్టడపు లెక్క తప్పిన నా కప్పు క్రింద నున్నవారందఱకును బ్రమాదము. ఇల్లినాయిస్ రాష్ట్రము 1915లోనే స్ట్రక్చరల్ ఇంజనీరులకుఁ బ్రత్యేకముగా లైసెన్సు నేర్పఱచెను. కాలిఫోర్నియాలో 1928 మార్చి నెలలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట తెగి వందలకొలఁది జనులు కొట్టుకొనిపోయిన పిదప, మఱుసటి యేఁడు సివిల్ ఇంజనీరుల నమోదుకుఁ జట్టము వచ్చెను. 1933 మార్చి 10వ తేదీ సాయంకాలమున లాంగ్ బీచ్ భూకంపములో బడికట్టడము లనేకములు కూలెను. పిల్లలు ఇండ్లకుఁ బోయిన వేళ యగుటచేత బ్రదికిరి. నెలదినములలో బడికట్టడములకుఁ గఠినమగు చట్టము చేసిరి.

వీనికంటెను నా మనస్సున నాటుకొన్న యుదాహరణము కాన్సాస్ సిటీ నగరమునందలిది. ఒక పెద్ద హోటలులో నడిమి సభామండపముపై, పైకప్పునుండి వ్రేలాడు నడవలు కట్టిరి. ఒకదానిమీఁద నొకటిగా నున్న రెండు నడవలను ఒకే పొడవైన కడ్డీలు మోయునట్లు మొదట గీచిరి. పిదపఁ బని సులభమగునని కడ్డీని రెండు చేసి, క్రింది నడవను పై నడవ దూలములకే వ్రేలాడఁదీసిరి. చూపునకు భేదము లేదు. కాని యిద్దఱు మనుష్యులు ఒకే త్రాటిని బట్టుకొని వ్రేలాడుట వేఱు. ఒకఁడు త్రాటిని బట్టుకొనఁగా, రెండవవాఁడు వాని కాళ్లను బట్టుకొని వ్రేలాడుట వేఱు. రెండవ పద్ధతిలో త్రాటిబలము సరిపోవచ్చును గాని, పైవాని చేతిపట్టుమీఁద భారము రెట్టింపగును. ఆ దూలముల యతుకులయందు జరిగిన దదియే. 1981 జూలై 17వ తేదీ రాత్రి నడవలు కూలి 114 మంది మరణించిరి. బాధ్యులగు ఇంజనీరుల లైసెన్సులు రద్దయ్యెను. ఇంత చిన్న మార్పును బట్టుకొనఁగల కన్ను కలదా లేదా యని చూచుటయే యీ పరీక్ష. అది కఠినముగా నున్నదని నే నాక్షేపింపను.

మన దేశమున నిట్టి శాసనబద్ధమగు పరీక్ష సర్వత్ర లేదు. విద్యార్హతను, అనుభవమును జూచి పురపాలకసంస్థలు నమోదు చేసికొనును. 2001 జనవరి 26వ తేదీ భుజ్ భూకంపమున, కేంద్రమునకు రెండువందల కిలోమీటరులకుఁ బైగా దూరమున నున్న అహమ్మదాబాదులోఁ గూడఁ గ్రొత్త మేడలు కూలుట మన మెఱిఁగినదే. ఇది వేఱొక సభలోఁ జర్చింపఁదగిన విషయము.

పరీక్షను నడపునది ఇంజనీరింగు, సర్వేయింగు పరీక్షాధికారుల జాతీయమండలి. లైసెన్సు నిచ్చునవి ఆయా రాష్ట్రములు. 2011 మొదలు ఇది రెండు దినములలోఁ బదునాఱు గంటల పరీక్షగా నుండెడిది. ఒక దినము నిలువు భారములు, అనఁగాఁ గట్టడము తన బరువును, జనుల బరువును, మంచు బరువును మోయుట. రెండవ దినము గాలియు భూకంపమును బ్రక్కనుండి త్రోయు బలములు. ఉదయము 40 చిన్న ప్రశ్నలు, మధ్యాహ్నము విస్తరించి వ్రాయు సమస్యలు. అభ్యర్థులు పెట్టెలనిండఁ బుస్తకములు తీసికొనిపోయి, పుటలకు రంగుకాగితములు అంటించుకొని, తమకు వలసిన పట్టికను క్షణములోఁ దీసెడివారు. 2024 ఏప్రిల్ నుండి ఆ పద్ధతి పోయినది. పరీక్ష నాలుగు భాగము లయ్యెను, అంతయుఁ గంప్యూటరుమీఁదనే. స్వంత పుస్తకము లోనికిఁ బోదు. కోడులు తెరమీఁదనే కనఁబడును. పూర్వము కాగితముపై వ్రాసిన యుపపత్తిని బరీక్షకుఁడు చూచెడివాఁడు. ఇప్పుడు యంత్రము ఫలితమును మాత్రమే చూచును. కాఁబట్టి పాతపద్ధతిలోఁ దప్పి యీ పద్ధతిలో మరల కూర్చుండువాఁడు రెండవమారు అదే పరీక్ష వ్రాయుచున్నాఁ డనుట సరికాదు. ఇది తలిదండ్రులు గ్రహింపవలయును.

మన పిల్లలకు వేఱొక కష్టము కూడఁ గలదు. ఇచ్చటఁ గళాశాలలో మీటరులు, కిలోన్యూటనులతో లెక్కలు చేసినవారు అచ్చట అడుగులు, అంగుళములు, కిప్పులతోఁ జేయవలయును. కిప్పనఁగా వేయి పౌనుల బలము, సుమారు 4.45 కిలోన్యూటనులు. దీనిని గుణకారముతో దాఁటవచ్చును. దాఁటరానిది లోపల నుండు భేదము. మన కోడులోఁ గాంక్రీటు బలమును ఘనాకారపు ముద్దను నలిపి కనుఁగొందురు. అచ్చట స్తంభాకారపు ముద్దను నలుపుదురు. స్తంభపు బలము ఘనపు బలములో సుమారు ఐదింట నాలుగు వంతులు. మన 25 సంఖ్యగల కాంక్రీటును గుణకారముతోనే మార్చినవానికి 3600 పౌనులు వచ్చును. నిజమునకది 2900 ప్రాంతము. అట్లే స్థిరభారము, చరభారము రెంటిని మన మొకటిన్నరచే గుణింతుము. వారు మొదటిదానిని 1.2చే, రెండవదానిని 1.6చే గుణించి, బలము తగ్గించుటకు వేఱు గుణకమును వాడుదురు. ఒక పద్ధతిలోని భారమును, వేఱొక పద్ధతిలోని బలమును గలిపినచోఁ జారులోఁ బాయసము పోసినట్లగును. ఇఁక కొయ్యయిండ్ల లెక్కలు, ఇనుపకడ్డీలు పెట్టిన రాతిగోడల లెక్కలు మన కళాశాలలలోఁ బేరునకే యుండును. ఆ దేశములో సామాన్యుల యిండ్లు చాలవఱకుఁ గొయ్యవే.

తప్పినవాఁడు చేయవలసిన మొదటి పని, పరీక్షామండలి పంపు నివేదికను జదువుట. ఏ విభాగమున నెంత బలహీనుఁడో అందులో నుండును. చాలమంది దానిని జూడలేక మూసివైతురు. పిదప మొదటి పుస్తకము మొదటి పుటనుండి మరల నారంభింతురు. తమకు వచ్చినదానినే మరల చదువుట మనస్సునకు హాయిగా నుండును, కాఁబట్టి యట్లు చేయుదురు. పరీక్ష యను శబ్దమునకు ‘పరి’ యను నుపసర్గయు ‘ఈక్ష్’ ధాతువును మూలములు. చుట్టును జూచుట యని యర్థము. మొదటిమాఱు పరీక్షకుఁడు మనలను జూచెను. నివేదికను జేతఁబట్టుకొన్నప్పుడు మనలను మనమే చూచుకొనవలయును. మన వేదపాఠకులు పదము, క్రమము, జట, ఘనము అను రీతుల నొకే మంత్రమును ముందునుండియు వెనుకనుండియుఁ జెప్పుదురు. ఎచ్చట స్వరము జాఱుచున్నదో ముందునుండి చెప్పినప్పుడు తెలియనిది, వెనుకనుండి చెప్పినప్పుడు తెలియును. నా శిష్యుఁ డొకఁడు ఈ మాట విని యట్లే చేసెను. జవాబునుండి సమస్యకు వెనుకకు నడచి, కడ్డీల యమరిక నిచ్చి అది మోయఁగల భారమెంత యని తానే ప్రశ్న వేసికొనెడివాఁడు. భూకంపపు యతుకుల భాగముననే తాను జాఱుచున్నట్లు రెండు నెలలలోఁ దెలిసికొనెను.

రెండవది, తెరమీఁదఁ గోడును జదువుట యలవాటు చేసికొనుట. వ్రేలితోఁ బుట త్రిప్పిన జ్ఞాపకము తెరమీఁదఁ బనిచేయదు. ఏ యధ్యాయమున నేమి యున్నదో నోటికి రావలయును. కంఠస్థము మూఢపద్ధతి యని యీ కాలమువా రనుచుందురు. మంచిదే, ఆ తెరయెదుట నొక గంట కూర్చుండి చెప్పుమనుఁడు!

మూఁడవదానికి వారు కాదు, మనము బాధ్యులము. పగ లుద్యోగము, రాత్రి చదువు. ఇంట భార్యయో భర్తయో, పసిబిడ్డయో. ప్రతి యాదివారము ఇచ్చటినుండి ఫోనులో “ఏమిరా, ఇంకను గాలేదా?” యను ప్రశ్న. ఆ ప్రశ్న తరువాత రెండుగంటలు తన చదువు సాగదని యొక యమ్మాయి నాతోఁ జెప్పినది. “తాతగారూ, మా నాన్నగారు ప్రేమతోనే యడుగుదురు. ఏమి బదులు చెప్పవలెనో నాకుఁ దెలియదు” అన్నది. ఆమెకు మేనమామ వరుసయగు పెద్దమనిషి యొకరు, ఆఁడుపిల్లకు ఆ సీలు ఎందుకని కూడ సెలవిచ్చిరఁట. వారి మనుమలు ఆమె లెక్క కట్టిన మేడలోఁ బండుకొను దినము రావచ్చునని మాత్రము మనవి చేయుచున్నాను.

కాఁబట్టి కార్యనిర్వాహకసంఘము నెదుట రెండు ప్రార్థన లుంచుచున్నాను. మన విద్యానిధి నుండి మొదటి ప్రయత్నముననే జయించినవారికి బహుమాన మీయఁబడుచున్నది. రెండవమాఱు, మూఁడవమాఱు వృత్తిపరీక్షలకుఁ గూర్చుండు పేదకుటుంబముల పిల్లలకు పరీక్షారుసుమునకును, పుస్తకములకును వడ్డీలేని ఋణ మీయవలయును. వారి పేరులు ఈ సంచికలోఁ బ్రకటింపరాదు. మఱియు విదేశములలో నుత్తీర్ణులైన మనవారు నెలకొక యాదివారము వారికిఁ బాఠము చెప్పుట కంగీకరించినచోఁ గార్యదర్శిగారు వారి పట్టికను సిద్ధపఱుపవలయును. నా వంతుగా నైదువేల రూపాయలు ఈ యుదయమే కోశాధికారిగారికి ముట్టఁజెప్పితిని. రసీదు ఇంకను రాలేదు.