బరువు తగ్గించే మందులు – పెన్షనరు జేబు

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి మాట్లాడుకోవలసిన వేదిక మీద ఈ బరువు తగ్గించే మందుల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. ఈ మధ్య కార్యదర్శిగారిని కలిసిన సభ్యులలో కొందరు ఒకే ప్రశ్న వేశారట. "డాక్టరుగారు వారానికొక ఇంజక్షను రాశారు, నెలకు పదివేలు దాటుతోంది, చవకగా దొరికే దారి ఏమైనా ఉందా?" అని. నేను ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటరు వెనుక ముప్పై రెండేళ్లు నిలబడినవాణ్ణి. డాక్టరును కాను. ఎవరికి ఏ మందు కావాలో చెప్పను. రాసిన మందుకు మీ జేబులోంచి ఎంత పోతుంది, ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించుకోబోతే ప్రాణం మీదికి వస్తుంది, అంతవరకే నా మాట.

ఇవాళ అందరి నోటా వినబడేవి రెండు మందులు. ఒకటి సెమాగ్లూటైడ్, రెండవది టిర్జెపటైడ్. రెండూ మొదట షుగరు జబ్బు కోసం వచ్చినవే. ఆకలిని తగ్గిస్తాయి, తిన్నది పొట్టలోంచి నెమ్మదిగా కదిలేటట్లు చేస్తాయి. పనిచేస్తాయా అంటే చేస్తాయి, అందులో సందేహం లేదు. పెద్ద పరీక్షలలో సెమాగ్లూటైడ్ 68 వారాలలో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గించింది. టిర్జెపటైడ్ పెద్ద డోసులో 72 వారాలకు సుమారు 21 వంతులు తగ్గించింది. అయితే ఇంకొక సంగతి కూడా అదే పరీక్షలలో తేలింది. సెమాగ్లూటైడ్ మానేసినవారికి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది.

మన లెక్కంతా ఇక్కడే మొదలవుతుంది. జ్వరానికి వాడినట్లు అయిదు రోజులు వాడి మానేసే మందు కాదిది. బి.పి. బిళ్ల లాగా ఏళ్ల తరబడి సాగవలసిన మందు. కనుక "ఒక ఇంజక్షను ఎంత?" అన్నది తప్పు ప్రశ్న. "ఏడాదికి ఎంత, ఎన్నేళ్లు?" అన్నది అసలు ప్రశ్న.

2025 మార్చిలో టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో మన దేశానికి వచ్చినపుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికొక సీసా. నాలుగు వారాలకు మొదటిది 14,000, రెండవది 17,500. జూన్‌లో వచ్చిన 'వెగోవీ' (ఇది సెమాగ్లూటైడే) మొదటి డోసు నెలకు 17,345 రూపాయలు ఉండేది, నవంబరులో దానిని 10,850కి తగ్గించారు. ఇవి ఆయా తేదీల నాటి ధరలు. ఇవాళ్టి ధర షాపులో కనుక్కోవాలి. నెలకు పదివేలే వేసుకున్నా ఏడాదికి లక్షా ఇరవై వేలు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో సి.జి.హెచ్.ఎస్. లేనిచోట ఉండేవారికి 2017 జులైలో స్థిర వైద్య భత్యం నెలకు వెయ్యి రూపాయలు చేశారు. ఆ వెయ్యి ఎక్కడ, ఈ పదివేలు ఎక్కడ! ఇంట్లో అమ్మగారి మోకాళ్ల వైద్యం వాయిదా వేసుకుని అయ్యగారు ఇంజక్షను వేయించుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు. అది పొదుపూ కాదు, న్యాయమూ కాదు.

ఇక తగ్గించుకునే దారులు. ఇంజక్షను కొనే ముందు మీరు ఇప్పటికే మింగుతున్న మందుల చీటీని తీసి చూడండి. షుగరుకు వాడే గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, ఇన్సులిన్ బరువు పెంచే స్వభావం ఉన్నవి. కొన్ని మానసిక జబ్బుల మందులు, ఎక్కువకాలం వాడే స్టిరాయిడ్లు కూడా అంతే. ఒక చేత్తో బరువు పెంచే బిళ్ల, ఇంకొక చేత్తో బరువు తగ్గించే ఇంజక్షను కొనడం నూతిలో నీళ్లు తోడి నూతిలోనే పోయడం కదా! సొంతంగా ఏదీ మానకండి. "ఈ చీటీలో బరువు పెంచేవి ఉన్నాయా, మార్చడానికి వీలుందా?" అని డాక్టరుగారిని అడగండి. అదే షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్ వంటివి కాస్త బరువు తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ పెంచదు. రెండూ చవకగా దొరికేవే. ఈ ఒక్క ప్రశ్నతో ఇంజక్షను అవసరమే లేకపోయినవారు ఉన్నారు.

తరువాత, అసలు మీకు ఆ మందు వర్తిస్తుందా? బరువును కిలోలలో వేసి, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగిస్తే వచ్చేదాన్ని బి.ఎం.ఐ. అంటారు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి 72 కిలోలుంటే సుమారు 27. ఈ ఇంజక్షన్లను 30 దాటినవారికి, లేదా 27 దాటి బి.పి., షుగరు వంటివి తోడైనవారికి ఉద్దేశించారు. మనవరాలి పెళ్లికి సూటు పట్టాలని నాలుగు కిలోల కోసం మొదలుపెట్టే మందు కాదు. (నవ్వకండి, ఈ సభలోనే ఒకరు నన్ను అడిగారు.)

మూడవది, మొదటి నెల ధర చూసి మోసపోవద్దు. ఈ మందులు చిన్న డోసుతో మొదలుపెట్టి నాలుగు వారాలకొకసారి పెంచుకుంటూ పోతారు, డోసుతోపాటు ధరా పెరుగుతుంది. మొదటిరోజే చివరి డోసు ధర అడగండి. మధ్యలో ఒక డోసు దగ్గర బరువు బాగా తగ్గుతూ, ఒంటికి పడుతూ ఉంటే "ఇక్కడే ఆగవచ్చా?" అని కూడా అడగండి. టిర్జెపటైడ్‌ను 5, 10, 15 మిల్లీగ్రాములలో దేని దగ్గరైనా నిలుపవచ్చు. అందరూ 15 దాకా ఎక్కాలని రూలేమీ లేదు.

ఇక పేటెంటు సంగతి. ఇది మనకు శుభవార్త. పేటెంటు ఉన్నంతకాలం ఒక్క కంపెనీదే రాజ్యం. అది తీరితే నలుగురూ తయారుచేస్తారు, ధర దిగుతుంది. మీలో చాలామంది వాడే సిటాగ్లిప్టిన్‌నే చూడండి. దాని పేటెంటు 2022 జులైలో తీరింది. సెప్టెంబరు కల్లా జన ఔషధి దుకాణాలలో 50 మిల్లీగ్రాముల బిళ్లలు పది 60 రూపాయలకు పెట్టారు. అంతకుముందు ఒక్కొక్క బిళ్లకే నలభై రూపాయల దాకా పోసినవాళ్లం. మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంటు 2026 మార్చిలో తీరింది. కనుక సెమాగ్లూటైడ్ రాసిన చీటీ చేతిలో ఉన్నవారు "వేరే కంపెనీది వాడవచ్చా?" అని అడగడం మరచిపోవద్దు. టిర్జెపటైడ్‌కు పేటెంటు ఇంకా ఉంది.

ఇక్కడ కౌంటరు వెనుకవాడికి తెలిసిన రహస్యం ఒకటి చెబుతాను. డాక్టరుగారు కంపెనీ పేరు రాస్తే, దాని బదులు మరో కంపెనీది ఇవ్వడానికి మందుల నిబంధనలు షాపువాడికి ఒప్పుకోవు. అందుచేత అడగవలసింది షాపువాణ్ణి కాదు, రాసేవారిని. మందు అసలు పేరు పెద్ద అక్షరాలలో రాయమని వైద్యమండలి 2016లోనే నిబంధన పెట్టింది. "అయ్యా, అసలు పేరు రాయండి" అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త. కంపెనీ మారితే పెన్ను మారవచ్చు, సీసా కావచ్చు, గీతల లెక్క మారవచ్చు. మొదటి ఇంజక్షను డాక్టరుగారి దగ్గరో నర్సమ్మ దగ్గరో వేయించుకుని, చూసి నేర్చుకోండి.

ఇంకొకటి. "ఎం.ఆర్.పి. మీద యాభై శాతం తగ్గింపు" అన్న బోర్డు చూసి పరుగెత్తకండి. అచ్చువేసిన ధరే కొండంత ఉంటే అందులో సగం కూడా గుట్టంత ఉంటుంది. తగ్గింపు శాతం కాదు, ఒక్కొక్క బిళ్ల ఎంత పడిందో లెక్క కట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి దిగింది. బిల్లులో అది కనబడుతున్నదీ లేనిదీ చూసుకోండి. బి.పి., షుగరు, కొలెస్టరాలు బిళ్లలను జన ఔషధికి మార్చుకుంటే నెలకు మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. ఇంజక్షను తప్పనివారికి ఆ మిగులు కొంత ఆసరా.

ఇప్పుడు చేయకూడని పొదుపులు. వీటిని కాస్త కటువుగానే చెబుతాను.

5 మిల్లీగ్రాముల సీసా కొని సగం ఈ వారం, సగం వచ్చే వారం వేసుకుంటే 3,500 బదులు రెండువేల చిల్లరతో సరిపోతుందని లెక్కలు కట్టేవారున్నారు. మన ట్రెజరీ మిత్రులకు ఈ లెక్క చటుక్కున తడుతుంది! కాని అది ఒక్కసారి గుచ్చి పారవేయవలసిన సీసా. మూతకు సూది గుచ్చిన తరువాత వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే అందులో ఏమి పెరుగుతుందో కంటికి కనబడదు. పెన్నును భార్యాభర్తలు పంచుకోవడం ఇంకా దారుణం, సూది మార్చినా సరే. వారం విడిచి వారం వేసుకోవడం కూడా పొదుపు కాదు. కొన్ని వారాలు మానేసి మళ్లీ మొదలుపెడితే పాత పెద్ద డోసు ఒంటికి పడదు, వాంతులు పట్టుకుంటాయి. డాక్టరుగారు మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కమంటారు. ఎక్కినంతవరకు పెట్టిన డబ్బు పోయినట్లే.

అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో పెట్టి పంపుతానంటే సంతోషించకండి. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. విమానాశ్రయం నుంచి ఊరు చేరేసరికి మన ఎండలో ఏమవుతుందో నేను చెప్పనక్కర లేదు. ఫ్రీజరులో గడ్డకట్టినదీ పనికిరాదు. ఫోనులో మెసేజి పెట్టి సగం ధరకు ఇస్తామనేవారి దగ్గర అసలు కొనవద్దు. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరిక జారీ చేసింది. మందు ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, బ్యాచి నంబరు పెట్టె మీదా పెన్ను మీదా ఒకటేనా చూడండి. "మూలికల పొడి, నెలలో పది కిలోలు" అన్న ప్రకటనలకైతే దండం పెట్టండి. గుండెకు చేటని 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అలాంటి పొడులలో రహస్యంగా కలిసి పట్టుబడిన సందర్భాలు విదేశాలలో చాలా ఉన్నాయి.

సెమాగ్లూటైడ్ బిళ్ల రూపంలో కూడా ఉంది, షుగరుకు రాస్తారు. దానిని పరగడుపున, అర గ్లాసుకు మించని నీళ్లతో మింగి, అరగంట ఏమీ తీసుకోకూడదు. మనవాళ్లు పొద్దున్నే కాఫీతో మింగుతారు. ఆ బిళ్ల ఒంటికి పట్టదు, డబ్బు కాఫీపాలు. ఓర్లిస్టాట్ అన్న పాత మందు ఒకటి తక్కువ ఖర్చులో ఉంది కాని, దాని ఫలితమూ తక్కువే. నూనె తిన్నరోజు బట్టలు పాడయ్యే ప్రమాదముంది, కనుక బజ్జీలు తినే ఊళ్లో దానితో నెగ్గుకురావడం కష్టం. థైరాయిడ్ బిళ్లకూ దానికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి.

మన వయసువారికి ప్రత్యేకించి ఒక మాట. ఈ ఇంజక్షన్లతో తగ్గేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా తగ్గుతుంది. డెబ్భై ఏళ్లకు కండ పోతే కాలు తడబడుతుంది, పడితే తుంటి ఎముక. ఆ ఆపరేషను ఖర్చు ముందు ఏ పొదుపూ నిలవదు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ పదిసార్లు చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవారు ఇంజక్షను మొదలుపెట్టేటపుడు వాటి మోతాదు తగ్గించాలేమో అడగకపోతే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. వాంతులు, విరేచనాలు అవుతున్నపుడు నీరు తీసే బి.పి. బిళ్ల వేసుకుంటున్నవారు వెంటనే ఫోను చేసి కనుక్కోవాలి. పాంక్రియాస్ వాపు వచ్చినవారు, ఇంట్లో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుగారు అడగకపోయినా తామే చెప్పాలి.

చివరిగా బిల్లుల మాట. ఆరోగ్య బీమా లేని, అరవై నిండినవారికి పాత పన్ను విధానంలో వైద్య ఖర్చు మీద 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. నగదు ఇచ్చి కొంటే అది రాదు. చెక్కో, కార్డో, ఫోను ద్వారానో చెల్లించి బిల్లులన్నీ ఒక కవరులో దాచండి.

టీ విరామం తరువాత పక్కగదిలో కూర్చుంటాను. మందుల చీటీలు తెచ్చుకున్నవారు వరుసగా రండి. ఏ మందు అసలు పేరేమిటో, జన ఔషధిలో దొరికేవి ఏవో కాగితం మీద రాసిస్తాను. అది పట్టుకుని మీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. కళ్లజోడు మరచిపోకుండా తెచ్చుకోండి. సెలవు.