నేను షోలాపూరు వచ్చిన కొత్తలో
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను మొదట ఒప్పుకోలేదు. పదో తరగతి వరకు చదివిన రైల్వే గుమాస్తాను. కిటికీ వెనక కూర్చుని “ఎక్కడికి? ఎన్ని?” అని అడగడమే గాని ప్రసంగాలు చేసి ఎరుగను. పైగా ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది తాతముత్తాతల నాటినుంచి ఈ ఊరివారు. మీ ఊరి సంగతి మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది. అయితే కార్యదర్శిగారు, “ఊరి సంగతి వద్దు, వచ్చిన కొత్తలో నీకేమి తోచిందో అది చెప్పు” అన్నారు. ఆ కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి వుంది. అది చెప్పుకోవడానికి ఇంతకంటె తగిన చోటు దొరకదని ఒప్పుకున్నాను.

మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. ఉద్యోగం దొరికి, భుసావళ్‌లో శిక్షణ ముగించిన తరువాత నన్ను షోలాపూరు డివిజనుకు వేశారు. 2014 జనవరిలో మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తాండూరు దాకా ప్లాట్‌ఫారాల మీద తెలుగు వినపడుతూనే వుంది. వాడి, గుల్బర్గా దగ్గర కన్నడం. ఆ తరువాత మరాఠీ. ఒక్క పగటిపూట కిటికీ పక్కన కదలకుండా కూర్చుని మూడు భాషల మీదుగా వచ్చాను. బయట చూస్తే నల్లరేగడి, దాని మీద జొన్నచేలు, మళ్లీ జొన్నచేలు. మాది గోదావరి నీళ్లు పారే ప్రాంతం. కాలువ లేని ఊరు మా లెక్కలో ఊరే కాదు. ఇక్కడ మనుషులు ఏం తాగి బతుకుతారా అనుకున్నాను.

మూడు నెలలకు మా ఇంటావిడ వచ్చింది. రాగానే ఆమె ఇంటిగలావిడను అడిగిన మొదటి మాట, “కొళాయి ఎప్పుడొస్తుందండీ?” అని. ఆవిడ “నాలుగు రోజులకొకసారి” అంది. మావిడ వేళాకోళమనుకుని నవ్వింది. నాలుగో రోజు తెల్లవారకముందే వీధి వీధంతా లేచి బిందెలు, డ్రమ్ములు, చివరికి ఇడ్లీపాత్రతో సహా బయట పెట్టినప్పుడు నవ్వు ఆగింది. భీమానది మీద ఉజని ఆనకట్ట నిండిందని పత్రికలో వేసిన యేడాది కూడా మా వీధికి అదే లెక్క. ఇప్పుడు మేము ఊరికి వెళ్లినప్పుడు మా అమ్మ కొళాయి వదిలేసి కబుర్లు చెబుతుంటే మావిడ పరుగెత్తుకెళ్లి కట్టేస్తుంది. ఆమెకు ఈ ఊరు నేర్పిన చదువు అది.

ఇక భాష సంగతి. ఆఫీసులో చేరిన వారంలోనే ఒక మరాఠీ పెద్దాయన నన్ను ఆప్యాయంగా, “తుమ్హాలా ముల్గా ఆహే కా?” అని అడిగాడు. మీకు అబ్బాయి వున్నాడా అని ఆయన ప్రశ్న. మా వైపు మునగచెట్టును ములగ అంటాము. నాకు వచ్చిన హిందీలో, “ఊళ్లో మా ఇంటి వెనక రెండున్నాయి, ఏటా బాగా కాస్తాయి” అని చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తరువాత విషయం తెలిసి ఆఫీసంతా పదిరోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నా అజ్ఞానానికి నన్ను చూసి ఎవరూ చిన్నబుచ్చలేదు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ మర్యాద నేను ఇంకొకరికి చేయలేకపోయాను.

టికెట్ల కిటికీలో కూర్చున్న రెండో నెల. ఒక ముసలామె వచ్చింది. కొంగుముడి విప్పి డబ్బులు తీస్తూ, “బిడ్డా, సికింద్రబాదుకు రెండు టికీట్లియ్యి. బండి ఉశీర్ ఉన్నదా?” అంది. తెలుగు విని ప్రాణం లేచివచ్చింది. కాని ఉశీర్ అంటే ఆలస్యమని మరాఠీలో అప్పటికి నాకు తెలియదు. పక్క కిటికీలో మా వైపువాడే ఒకతను వున్నాడు. అతను వినాలని నేను గట్టిగా, “ఉసిరికాయలు బజార్లో దొరుకుతాయి మామ్మా, ఇక్కడ టికెట్లే” అన్నాను. అతను పగలబడి నవ్వాడు.

ఆమె నవ్వలేదు. టికెట్లు కొంగున కట్టుకుని, నిదానంగా అంది: “నవ్వకు బిడ్డా. మా ముత్తాత కరువుల సిరిసిల్లకెళ్లి నడిచొచ్చిండు. ఇన్నేండ్లాయె, ఇంట్ల తెలుగే మాట్లాడుతున్నం. రేపు నీ పిల్లలు ఎంత మాట్లాడుతరో సూడు.”

ఆ మాట కూడా అప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు. “సిరిసిల్లకెళ్లి” అంటే సిరిసిల్లకు వెళ్లి అనుకున్నాను. సిరిసిల్లనుంచి అని అర్థమట. చిన్నప్పటినుంచి తెలుగు తప్ప మాట్లాడనివాడిని, ఆమె తెలుగును పరీక్ష చేయబోయి నేనే తప్పాను.

తరువాత మా ఇంటిగలాయన తండ్రిగారు ఆ కథ చెప్పారు. ఈ ఊరికి రైలు 1860లో వచ్చింది. మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. దక్కను దేశాన్ని పట్టి పీడించిన 1876-78 కరువు సరిగ్గా ఆ కాలమే. నైజాం తెలంగాణా ఊళ్లనుంచి పద్మశాలీలు మగ్గం పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. షోలాపూరు దుప్పటి దేశమంతా పేరు తెచ్చుకున్నదంటే అందులో ఆ చేతుల పని ఎంతో వుంది. తూర్పు పేటల్లో ఏ సందులోకి వెళ్లినా ఒక ఇంట్లో మరమగ్గం చప్పుడు, ఇంకో ఇంటి అరుగు మీద తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టే ఆడవారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మా ఇంటిగలావిడ అత్తగారు ఆ బీడీలు చుట్టే కొడుకును చదివించిందట. ఆ ముసలాయన ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఆయనొక్కడే. కొడుకులు, మనుమలు తెలుగు గలగలా మాట్లాడతారు. రాయాలంటే మరాఠీ లిపి.

రైల్వేవాడిని గనక ఒక మాట మధ్యలో చెబుతాను. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు మన షోలాపూరు డివిజను సికింద్రాబాదు కిందనే వుండేది. 1977లో తిరిగి మధ్య రైల్వేకు పోయింది. అదే వుండిపోతే నా బదిలీ ఇంత చిక్కు అయ్యేది కాదని నా స్వార్థం.

మొదటి ఉగాది నాకు ఇంకా కళ్లముందే వుంది. సెలవు దొరకలేదు. పక్కింటి మరాఠీవారు గుమ్మంలో వెదురుకర్ర నిలిపి, దానికి కొత్త చీర, వేపరెమ్మ, చక్కెర చిలకల దండ కట్టి, పైన చెంబు బోర్లించారు. వారి పాడ్వా మన ఉగాది ఒకే రోజని నాకు అంతవరకు తెలియదు. ఇంతలో ఇంటిగలావిడ పిలిచి గ్లాసుతో ఏదో ఇచ్చింది. పానకమనుకున్నాను. తాగితే ఉగాది పచ్చడి! మా వైపు చేతిలో వేసుకుని నాకుతాము, వీరు కొత్త కుండలో పలుచగా కలిపి తాగుతారు. బొబ్బట్లకు ఇంటివారు భక్ష్యాలన్నారు, పక్కింటివారు పురణ్‌పోళీ అన్నారు. నేను రెండిళ్లలోనూ తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. మూడో తరగతి. పోయిన దసరాకు మా అమ్మకు ఉత్తరం రాయమన్నాను. ఫోనులో రోజూ మాట్లాడుతుంది గాని, చేతిరాత చూస్తే ముసలిదానికి సంతోషం గదా అని. శ్రద్ధగా రాసి తెచ్చింది. “నానమ్మా, నువ్వు ఎట్లున్నావు, నేను మస్తుగున్నాను” అని. ప్రతి మాటా తెలుగే, ప్రతి అక్షరమూ మరాఠీ. మా అమ్మకు తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. కొంగున టికెట్లు కట్టుకుంటున్న ఆ ముసలామె కనపడింది. ఆ తరువాత ఆమె కోసం కిటికీలోనుంచి ఎన్నోసార్లు చూశాను. మళ్లీ రాలేదు. వచ్చినా నేను గుర్తుపట్టలేదేమో.

మా వైపు బదిలీకి పెట్టుకున్న దరఖాస్తు ఇన్నేళ్లకు వరుసలో ముందుకు వచ్చింది. సమ్మతి తెలుపుతూ సంతకం చేయవలసిన కాగితం నా సొరుగులో వుంది. మావిడ “నీళ్లున్న ఊరికి పోదాం” అంటుంది. అమ్మాయి “నా స్నేహితులంతా ఇక్కడే, నేను రాను” అంటుంది. నేను ఇంకా సంతకం పెట్టలేదు.

ఈలోగా కార్యదర్శిగారిని అడిగి సంఘం మేడమీది గది తీసుకున్నాను. ఆదివారం పది గంటలకు పలకలు, బలపాలు పట్టుకుని కూర్చుంటున్నాను. నేను పండితుణ్ణి కాను, ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు మాత్రం చెప్పగలను. ఏడుగురు వస్తున్నారు. అందులో మా అమ్మాయి ఒకతె, మా ఇంటిగలాయన మనుమలు ఇద్దరు. ముసలాయన కూడా వచ్చి వెనక కూర్చుని, నేను ఱ గురించి తడబడితే దగ్గుతారు. మిగతా పలకలు ఇంకా పదమూడున్నాయి. వచ్చే ఆదివారం మీ పిల్లలను పంపండి. నేను డ్యూటీలో వుంటే ఆయన చెబుతారు.