అడవికి నిధులు సరే, హక్కు ఎవరిది?



నేనివాళ మీ ముందు ఒక్క మాటే పెడతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అడవుల కోసం ప్రపంచ బ్యాంకు 1994లో ఒకసారి, 2002లో మరోసారి డబ్బిచ్చింది. అది దానం కాదు, తీర్చవలసిన అప్పు. ఆ డబ్బుతో వన సంరక్షణ సమితులు నడిచాయి. ఇంటికొక స్త్రీ, ఒక పురుషుడు సభ్యులన్నారు. చాలాచోట్ల ఆడవాళ్లకు దక్కింది గుంతలు తవ్విన కూలి, తీర్మానం కింద వేలిముద్ర. అనేక గూడేల్లో పోడు భూములు మొక్కల కిందికి పోయాయి. ప్రాజెక్టు ముగియగానే కూలీ ఆగింది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే హక్కు కూడా ఊరిదే. ఇకపై ఏ దాత వచ్చినా గ్రామసభలో మనం అడగవలసింది “డబ్బెంత?” అని కాదు, “మా హక్కు పత్రమేది?” అని. అది చేతికొచ్చాకే మొక్క నాటుదాం.