పాల సొర - మనమూ

(ములుగులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం లేని ములుగులో సొరచేప గురించి ఏమిటని మీరనుకోవచ్చు. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు కాకినాడలో ఉన్నాను. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. ఇంటి యజమానురాలు మామ్మగారు గిన్నెతో సొర పిట్టు తెచ్చి, "తిను తల్లీ, బిడ్డకు పాలు పడతాయి" అన్నారు. మా అత్తగారు భయపడి, "సొర మనుషులను తింటదంటరు గదా!" అన్నారు. "అది వేరమ్మా, ఇది పాల సొర. దీన్ని మనమే తింటాం" అని మామ్మగారు నవ్వారు.

ఆమె మాట నిజం. సాధారణంగా మీటరు పొడవుండే ఈ సొర తీరం దగ్గర చిన్న చేపలను తిని బతుకుతుంది. మనిషికి దీనివల్ల ప్రమాదం లేదు. పాలు పడతాయన్నది నమ్మకమే అయినా, ఇంగ్లీషులోనూ దీనికి 'మిల్క్ షార్క్' అనే పేరు ఆ నమ్మకం వల్లనే వచ్చింది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చు వేయించిన రెండు వందల చేపల గ్రంథంలో 'పాల సొర' అని మన పేరే రాశాడు. మన రక్తపింజరికి ఇంగ్లీషులో పెట్టింది ఈ రస్సెల్ పేరే.

ఇక అసలు సంగతి. మన చెరువుల్లోని బొచ్చె, రవ్వ లక్షల గుడ్లు పెడతాయి. చాలకపోతే పిల్లలను తెచ్చి వదులుతాం. పాల సొర అలా కాదు. మన ఆడవారివలె కడుపులో మోసి, బొడ్డుతాడుతో పోషించి, దాదాపు ఏడాదికి రెండు నుంచి అయిదు పిల్లలను కంటుంది. ట్రాలు వలల్లో తల్లీ పిల్లా కలిసి పడితే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది. అందుకే 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా గుర్తించింది. దీని కుటుంబంలోని సొరలన్నిటి విదేశీ వ్యాపారంపై 2022లో పనామా సమావేశం నియంత్రణ విధించింది.

మరి మత్స్యకారుల పొట్ట మాటేమిటి? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతున్నారు. ఆ రోజుల్లో వారికందే సాయం సకాలంలో అందాలి. ఆలస్యమైన పింఛను బాధ మనకంటే ఎవరికి తెలుసు?

ప్రావిడెంట్ ఫండు అసలు కరిగిపోతే వడ్డీ ఎక్కడిది? సముద్రమూ అంతే. ఆనాడు మామ్మగారి పిట్టు తిన్న తల్లి ఇప్పుడు ముత్తవ్వ. రేపటి బాలింతకూ ఆ గిన్నె అందాలంటే, పిల్ల సొరలను పెరగనివ్వాలి.