విద్యుత్ బండికి ఇంటి ముస్తాబు
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నకరికల్లు విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీం కోర్టు, పింఛను అంటే దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు, "మీరు బండికి రంగులు వేసిన సంగతి చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారు. కాబట్టి విద్యుత్ మోటారు సైకిలును ఇంటి దగ్గర ఎలా ముస్తాబు చేసుకోవచ్చో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

నేను విద్యుత్ శాఖలో హెల్పరుగా చేరి, లైన్‌మన్‌గా స్తంభాలెక్కి, లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ నల్లటి విద్యుత్ బండి 2023లో మా అబ్బాయి కొన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం రావడంతో నా పేరుకు మార్చి వెళ్ళిపోయాడు. దానికి నేను తెలుపు రంగు వేసి, పసుపు పట్టీలు తీర్చాను. "ఈ వయసులో సోకేమిటి బాబాయ్?" అని వీధిలో పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ! మనది ముస్తాబు ఎరుగని ప్రాంతమా? కనుమ నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలు కట్టిన చేతులు మనవి. సైకిలు చక్రాల మధ్య రంగు రంగుల కుచ్చులు పెట్టుకుని హైస్కూలుకు వెళ్ళినవాళ్ళం. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఎనభై, తొంభై అడుగుల విద్యుత్ ప్రభలను చూస్తూ పెరిగాం. వస్తువును తెచ్చుకోవడం వేరు, దాన్ని మనది చేసుకోవడం వేరు. అలంకరించినప్పుడే అది మనదవుతుంది.

అయితే ప్రభ కట్టే పెద్దలను ఒక్కసారి గమనించండి. బల్బులు ఎన్ని పెట్టాలన్నది తరువాత సంగతి. ముందు కర్ర ఎంత బరువు మోస్తుంది, జనరేటరు ఎంత లోడు లాగుతుంది, పైన వైర్లు తగలకుండా దారి ఉందా అని చూసుకుంటారు. విద్యుత్ బండికీ అదే పద్ధతి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట: అలంకారం బండి ఒంటికి చేయండి, నరాలకు చేయకండి.

రంగు సంగతి

పాత లూనా, రాజ్‌దూత్ రోజుల్లో బండికి రంగు వేయాలంటే పెట్రోలు ట్యాంకు విప్పేవాళ్ళం. విద్యుత్ మోటారు సైకిలుకు ట్యాంకు ఆకారమే తప్ప అందులో పెట్రోలు ఉండదు. చాలా బండ్లలో ఆ డొప్ప కింద బ్యాటరీ ఉంటుంది. కనుక మొదటి పని కరెంటు తీసేయడం. మా శాఖలో లైన్ క్లియర్ తీసుకోనిదే స్తంభం ఎక్కకూడదు. ఇక్కడా అంతే. తాళం తీసి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే విప్పి దూరంగా పెట్టాలి. రానిదైతే సీటు కింద మెయిన్ స్విచ్ ఉంటే దాన్ని ఆపి, పైడొప్పలను మెకానిక్ చేత విప్పించుకుని వాటికే విడిగా రంగు వేయాలి. నా బండి బ్యాటరీ 72 వోల్టులది. మన ఇంటి 230 వోల్టుల కంటే తక్కువే కదా అని తేలిగ్గా తీసుకోకండి. లిథియం బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు ఒక్క క్షణంలో పారుతుంది. అడ్డం పడిన రెంచి ఎర్రగా కాలిపోతుంది.

విప్పిన డొప్పలను సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక 400 నంబరు వాటర్ పేపరుతో తడుపుతూ రుద్దాలి. పాత నిగనిగ పోయి మసకబారితే చాలు, గీతలు పడేలా అక్కరలేదు. ఇవి ఇనుము కాదు, ప్లాస్టిక్. కాబట్టి ప్లాస్టిక్‌కు పనికొచ్చే ప్రైమరు అడిగి తెచ్చుకోవాలి. లేకపోతే రంగు ఆరు నెలలకే పొలుసులుగా లేస్తుంది. ఆ పైన రంగు స్ప్రే డబ్బా జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా, పలుచగా మూడు పూతలు వేయాలి. ఒక్క దట్టమైన పూత కంటే మూడు పలుచని పూతలు మేలు. రంగు ఆరాక పైన క్లియర్ కోటు.

మన పల్నాటి ఎండ మీకు చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ఏటా వేసవిలో పేపరులో చూస్తూనే ఉంటాం. ఆ ఎండలో స్ప్రే చేస్తే రంగు డొప్పను తాకే లోపే ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. అందుకని కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, మంచు విడిచిన తరువాత ఉదయం పూట, గాలి దుమారం లేని రోజు చూసుకోండి. స్ప్రే డబ్బాలో ఉండేది మండే వాయువు. వంటగదికి, ఛార్జరుకు, బీడీ కాల్చేవారికి దూరంగా, వరండాలో చేయాలి. ముక్కుకు మంచి మాస్కు తప్పదు. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

ఇక రంగు తగలకూడని చోట్లు. మోటారు, కంట్రోలరు మీద రెక్కల్లా ఉండే భాగాలు వేడిని గాలిలోకి వదలడానికే ఉన్నాయి. వాటికి రంగు పూస్తే మండు వేసవిలో దుప్పటి కప్పినట్టే. బ్రేకు డిస్కు, ఛార్జింగ్ రంధ్రం, బ్యాటరీ పెట్టె, చాసిస్ నంబరు, లైట్ల అద్దాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు, ఇవన్నీ పేపరు చుట్టి మాస్కింగ్ టేపు వేసి కాపాడాలి. హెల్మెట్‌కు మాత్రం రంగు వేయకండి. రంగులో కలిసే థిన్నరు చాలా హెల్మెట్ల పైచిప్పను లోలోపలే పెళుసు చేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, పడిన రోజున పగులుతుంది.

నేను నలుపు తీసి తెలుపు, పసుపు ఎందుకు వేశాను? సోకు ఒక్కటే కాదు. విద్యుత్ బండికి చప్పుడు లేదు. వెనుక నుంచి వచ్చేది గేదెలకు తెలియదు, మన వయసు పాదచారులకూ తెలియదు. చెవికి వినపడని బండి కంటికైనా కనపడాలి. చీకటి పడ్డాక అడ్డరోడ్డు దాటేటప్పుడు లారీవాడికి నల్లబండి కంటే తెల్లబండి ముందు కనబడుతుంది. అందుకే వెనుక ఎర్రని, పక్కల పసుపుపచ్చని మెరుపు టేపు కూడా అంటించాను. ట్యాంకు ఆకారం మీద తామరపువ్వు మా మనవరాలు గీసింది. ఆ ఒక్కటీ అచ్చంగా సోకే!

సి-బుక్కు మాట

జీ.వో.లు చదివి చదివి తల నెరిసినవాళ్ళం మనం. చట్టం మరువకూడదు. బండి రంగు సి-బుక్కులో రాసి ఉంటుంది. చిన్న పట్టీలు, పువ్వులు వేరు. ప్రధాన రంగే మారితే రవాణా కార్యాలయంలో నమోదు మార్పించుకోవాలి. నేను పేరు మార్పుకు నరసరావుపేట వెళ్ళినప్పుడే ఈ సంగతి అడిగి, తరువాతే డబ్బాలు కొన్నాను. బీమా కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి మూల స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్ట సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అన్నారు. నంబరు పలక విషయంలోనూ జాగ్రత్త. సొంత విద్యుత్ బండికి ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలు ఉండాలి. దాని చుట్టూ లైట్లు, పైన స్టిక్కర్లు వద్దు. 25 కిలోమీటర్ల వేగం మించని, 250 వాట్ల లోపు చిన్న బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అంత మాత్రాన వాటి వేగం పెంచే తీగ ఏదో కత్తిరిస్తామని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చేయండి.

సామాన్లు, తీగలు

బండికి తగిలించే సామాన్లలో నేను మొదట చెప్పేది సారీ గార్డు. వెనుక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, వెనుక కూర్చునేవారికి పట్టుకునే కమ్మి, కాళ్ళు పెట్టుకునే పెడలు ఉండాలని నిబంధనే ఉంది. చీరకొంగుకు, పంచె అంచుకు దిక్కు అదే. అందం తగ్గుతుందని కుర్రవాళ్ళు గార్డు పీకేస్తున్నారు. మనం పీకవద్దు. మందులకు, కాగితాలకు చిన్న పెట్టె, చూపు ఆననివారికి కాస్త పెద్ద అద్దాలు, నడుము నొప్పికి మెత్తని సీటు కవరు, ఇవన్నీ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. వీటికి కరెంటుతో పని లేదు.

కరెంటుతో పని ఉన్నవాటి దగ్గరే చిక్కు. "లైట్లు పెడితే బ్యాటరీ దిగిపోతుందా?" అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. 20 వాట్ల లైట్లు రెండు పెడితే 40 వాట్లు. గంటసేపు వెలిగితే 40 వాట్-అవర్లు. నా బ్యాటరీలో పట్టేది సుమారు 3,200. అంటే ఎనభయ్యో వంతు. వంద కిలోమీటర్లు పోయే బండి ఒక కిలోమీటరు పైచిలుకు తక్కువ పోతుంది. అదేమీ లెక్కలోది కాదు.

అసలు ప్రమాదం వాడకంలో లేదు, జాయింటులో ఉంది. 12 వోల్టుల మీద ఆ 40 వాట్లకు మూడు ఆంపియర్లకు పైగా పారుతుంది. తీగను బ్లేడుతో గీరి, మెలిపెట్టి, టేపు చుట్టిన చోట ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడినా పది వాట్ల పైన వేడి ఒక్క చుక్క మీద పుడుతుంది. అది చిన్న సోల్డరింగ్ ఐరనుతో సమానం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చూసిన కాలిన మీటర్లలో, మాడిన ఫ్యూజు క్యారియర్లలో ఎక్కువ భాగం లూజు కనెక్షన్ల పుణ్యమే. పైగా 72 వోల్టులను 12కు దించే చిన్న కన్వర్టరు, బండితో వచ్చిన లైట్లకు, హారనుకు సరిపడా పెట్టినది. కొత్త బరువు దాని నెత్తిన వేస్తే అది మాడుతుంది, లేదా నడిరోడ్డు మీద హెడ్‌లైటే ఆరిపోతుంది.

మన సభ్యులొకరు, వారి అనుమతితోనే చెబుతున్నాను, బండికి వరుస లైట్లు, పాటల పెట్టె పెట్టించుకున్నారు. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా తీగ ఒరుసుకుని, ఒక రాత్రి కాలువ కట్ట మీద పొగ వచ్చింది. బండి వదిలేసి దూకారు. భుజం తొలగి, మూడు నెలలు అన్నం ఎడమ చేత్తో తిన్నారు. ప్రాణం దక్కింది, అది చాలు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2022 ఏప్రిల్ ఒక్క నెలలోనే నిజామాబాదులో నిద్రలో ఉన్న ఎనభై ఏళ్ళ పెద్దాయన, విజయవాడలో ఒక ఇంటి యజమాని, ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు పేలి మరణించారు. ఆ తరువాతే కేంద్రం బ్యాటరీ పరీక్షలను 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడతగా కఠినం చేసింది. మంచిదే. కానీ ఆ పరీక్షలు కంపెనీ తయారు చేసిన బండికి, మనం తీగ కోసిన బండికి కాదు. కోసిన మరుక్షణం వారంటీ కూడా పోతుంది. లైటు కావలసిందే అనుకుంటే, కంపెనీవారు ఆ మోడలుకు ఇచ్చే సామానును, ఫ్యూజుతో సహా, వారి సర్వీసు సెంటరులోనే పెట్టించుకోండి.

ఛార్జింగు గురించి రెండు మాటలు. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టకండి, చల్లబడనివ్వండి. పడకగదిలో, మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టకండి. నిప్పు పుడితే మనం బయటికి పోయే దారి ఆ గుమ్మమే. ముచ్చటపడి కుట్టించిన బండి కవరు ఛార్జింగు వేళ తీసేయండి. రాత్రంతా వదిలేసి నిద్రపోకండి.

మిత్రులారా, 2024 ఫిబ్రవరిలో మన లూనా కూడా విద్యుత్ బండిగా తిరిగి వచ్చింది. రేపు మనలో చాలామంది వీటి మీదే బ్యాంకుకు, ఆసుపత్రికి, జీవన ప్రమాణ పత్రానికి వెళతాం. పిల్లలు దూర దేశాల్లో ఉన్న ఇళ్ళలో, ఎవరినీ బతిమాలకుండా ఊరు దాటి వెళ్ళి రాగలగడం చిన్న విషయం కాదు. పింఛను లాగానే అదీ మన గౌరవానికి సంబంధించినది. ఆ బండికి నచ్చిన రంగు వేసుకోండి, మనవల చేత పువ్వులు గీయించుకోండి, ఎవరు నవ్వినా పట్టించుకోకండి. తీగల జోలికి మాత్రం పోకండి. ఎవరికైనా అనుమానం ఉంటే బండి తీసుకుని మా ఇంటికి రండి, కలిసి చూద్దాం. టీ మా ఇంటావిడ ఇస్తుంది, వాటర్ పేపరు మీరు తెచ్చుకోవాలి.